సగం గీసిన పెద్దమ్మ

మొన్న మంగళవారం సిరిసిల్ల నుంచి మా అక్క వచ్చి, నా జిరాక్స్ కొట్టు బల్ల మీద ఒక బొమ్మ పెట్టింది. కోరుట్ల బస్టాండు దగ్గర ఇరవై ఏళ్లుగా నడుపుతున్న కొట్టు ఇది. ఆధార్ కార్డులు, పాస్‌పోర్టులు, పట్టాదారు పాస్‌బుక్కులు, పిల్లల మార్కుల మెమోలు ఎన్నో ఈ బల్ల మీదికి వచ్చిపోయాయి గానీ, ఏ కాగితం చూసినా నేను ఇలా పని ఆపి కూర్చోలేదు. అది ఆరేళ్ల కిందట నేను పెన్సిల్‌తో గీసిన పెద్దమ్మ బొమ్మ. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క, ఈ వచ్చిన అక్కకు కన్నతల్లి. వానలకు గోడ చెమ్మెక్కి, బొమ్మ వెనక అట్ట ఉబ్బిందట. "లామినేషన్ కొట్టియ్యి తమ్మీ, మల్ల కరాబ్ గాకుండ. కొట్టేముందుగాల గీ నడిమి గీత జర తుడువు. ఇంటికచ్చినోళ్లందరు గదే అడుగుతున్నరు, మొఖం మీద గా గీతేందని," అంది. పెద్దమ్మను అడిగావా అన్నాను. "అమ్మకు చెప్పలే," అని చెప్పి, సాయంత్రం బస్సు వేళకు వచ్చి తీసుకుంటానని బజారుకు వెళ్లిపోయింది.

ఆ గీత నుదుటి నడుమ మొదలై ముక్కు మీదుగా గడ్డం దాకా దిగుతుంది. దానికి ఒక పక్క ముఖం నల్లగా, గట్టిగా ఒత్తి గీసినట్టుంటుంది. రెండో పక్క పల్చగా ఉంటుంది. తుడవడానికి నా దగ్గర మంచి రబ్బరే ఉంది. లామినేషన్ యంత్రమూ వేడెక్కి సిద్ధంగా ఉంది. అయితే ఆ యంత్రంతో ఒక చిక్కుంది. కాగితం ఒకసారి రోలర్ల మధ్యకు పోయి ప్లాస్టిక్ అంటుకుందంటే ఇక దిద్దుకోవడానికి ఉండదు. ఎవరి సర్టిఫికెట్ అయినా ముడతపడితే మరోటి తెచ్చుకోమని చెప్పవచ్చు, ఈ బొమ్మకు మరోటి లేదు. అందుకని స్విచ్చి ఆపేసి, బొమ్మను ముందు పెట్టుకుని, ఇద్దరు గిరాకులను తర్వాత రమ్మని పంపేసి కూర్చున్నాను.

బొమ్మలు గీయడం నాకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు. పెద్దయ్యాకా ఎవరూ నేర్పలేదు. నలభై నాలుగో ఏట, చత్వారం అద్దాలు పెట్టుకున్న ఏడాదే, నాకు ఈ పిచ్చి పట్టింది. కరెంటు పోతే జిరాక్స్ మిషను ఆగిపోతుంది, నేను ఖాళీ. ఆ ఖాళీలో ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఒకాయన హిందీలో పాఠం చెబుతూ తెల్ల కాగితం మీద ముసలాయన ముఖం గీసేవాడు, ముడతలతో సహా, పిలిస్తే పలుకుతాడా అన్నట్టు. మనిషి కళ్లు తలకు సరిగ్గా నడుమ ఉంటాయని ఆయన చెబితే నేను నమ్మలేదు. నుదుటికి పైన తలలో ఇంకేముంటుంది, కళ్లు పైకే ఉండాలి కదా అని నా వాదన. రుజువు చూసుకుందామని, జిరాక్స్‌కు వచ్చిన ఫోటోలన్నిటినీ స్కేలు పెట్టి కొలవడం మొదలుపెట్టాను. దుబాయి పోయే ఒకతను తన ఫోటో మీద నా స్కేలు చూసి బెదిరిపోయి, "ఏందన్నా, వీసాకు గిప్పుడు మొఖం గూడ కొలుస్తున్నరా?" అని అడిగాడు. కొలిచినవన్నీ చూస్తే పాఠం చెప్పినాయనే గెలిచాడు. జగిత్యాల వెళ్లినప్పుడు టవర్ దగ్గరి స్టేషనరీ షాపులో రకరకాల పెన్సిళ్లు కొనుక్కొచ్చి, మొదట మా ఆవిడనే కూర్చోబెట్టి గీశాను. ముక్కు కింద నీడ వేయాలని పాఠంలో విన్నాను గానీ ఎంత వేయాలో వినలేదు. మా ఆవిడ బొమ్మను చేతుల్లోకి తీసుకుని, "గిది మా పెద్దన్న. నాకు మీసాలెప్పుడచ్చినయ్?" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా కూర్చోలేదు.

మనుషులు కూర్చోకపోయేసరికి ఫోటోల మీద పడ్డాను. ఫోటో మీద గళ్లు గీసి, కాగితం మీదా అన్ని గళ్లే గీసి, ఈ గడిలో ఏముందో ఆ గడిలో అదే దించడం. ముఖమంతా ఒక్కసారి చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒక్క గడి చూస్తే అది ముక్కూ కాదు, మూతీ కాదు, వట్టి వంకర గీత. మిగతా ముఖాన్ని కాగితంతో కప్పేసి గడికి గడి ఎక్కించుకుంటూ పోయేవాణ్ణి. అలా రెండేళ్లలో నాకు కోరుట్లలో కొంచెం పేరొచ్చింది. ఆ పేరే నా కొంప ముంచింది.

పెద్దమ్మకు ఎడమ దవడ మీద వాపొచ్చింది ఆ ఏడాదే. మా అమ్మానాన్నలు వెల్గటూర్ దిక్కు కూలిపనులకు పోతుండేవారు, నా హైస్కూలు చదువంతా కోరుట్లలో పెద్దమ్మ దగ్గరే జరిగింది. ఆమె బీడీలు చేసేది. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, పొద్దంతా తల వంచుకునే ఉండేది. మధ్యమధ్య చిటికెడు తంబాకు ఎడమ బుగ్గలో పెట్టుకునేది. అన్నం పెట్టేటప్పుడు కూడా ఆమె చూపు చాట మీదే. ఆమె పాపిట ఎక్కడ వంకర తిరుగుతుందో, ఏ పక్క ముందుగా నెరిసిందో నాకు బాగా తెలుసు. ముఖం మాత్రం అంత బాగా తెలియదన్న సంగతి నాకు అప్పటికి తెలియదు.

హైదరాబాద్‌లో డాక్టర్లు పరీక్షలు చేసి, దవడ ఎముక కొంత తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ఇంకా పదకొండు రోజులుందనగా పెద్దమ్మ కొంగుతో చెంప కప్పుకుని నా కొట్టుకు వచ్చింది. "కొడుకా, నువ్వు బొమ్మలు గీస్తున్నవట గదా. ఆపరేషన్ కాకముందే నా మొఖం గియ్యి," అంది. ఫోన్లో ఫోటో తీస్తా పెద్దమ్మా, ఒక్క నిమిషం అన్నాను. "ఫోటోల గీ వాపు గూడ అస్తది. నువ్వయితె వాపు ఇడిచిపెట్టి గీస్తవు," అంది. సరేనని తల ఊపాను. ఆమె వెళ్లిపోయాక గానీ చిక్కు తెలిసిరాలేదు. ఉన్నది ఉన్నట్టు దించడమే నాకు సరిగ్గా రాదు. ఉన్నదాంట్లోంచి ఒకటి తీసేసి గీయడం ఏ వీడియోలో ఉంటుంది?

దారి వెతగ్గా వెతగ్గా పెద్దమ్మ పాత బీడీ కార్డు, బీడీలు చేసేవాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు, దొరికింది. దాని మీది ఫోటోలో వాపు లేదు. జిరాక్స్ మిషను మీద పెట్టి పెద్దది చేశాను. స్కేలుతో గళ్లు గీశాను. బొమ్మకు కావలసిన గళ్ల కాగితాలు కొట్టులోనే ఉన్నాయి. మా బావ, అంటే ఈ అక్క భర్త, సిరిసిల్లలో చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. ఆయన ఎప్పుడో ఇచ్చిన కట్ట అది. అచ్చువేసిన గళ్లు, సన్నగా, ముద్దుగా ఉంటాయి. గళ్లు గీసే శ్రమ తప్పిందని సంబరపడి తొమ్మిది రోజులు వాటి మీదే గడికి గడి దించాను. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు, గిరాకులకు ఒకరి జిరాక్స్ ఒకరికి ఇచ్చాను. ఈ బొమ్మ బాగా రాకపోతే పెద్దమ్మ ముఖం ఆ గోరంత ఫోటోలో తప్ప ఇక ఎక్కడా మిగలదన్న భయం ఒకటి పొద్దస్తమానం వెంటపడేది. కానీ ఒక్క గడీ తప్పలేదు. ఆ ధీమాతోనే కాగితాన్ని గొట్టంలా చుట్టి, వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. దారిపొడుగునా మొక్కు తీర్చుకోబోయే వాళ్ల కొబ్బరికాయల సంచులు దానికి తగలకుండా పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాను.

పెద్దమ్మ అప్పటికే అక్క ఇంట్లో ఉంది. హైదరాబాద్ తీసుకెళ్లే కారు మధ్యాహ్నం రావాలి. బొమ్మ విప్పగానే ముందుగా బావ మొహం మారింది. "ఏం బామ్మర్ది, గిది అంచు కాయితం గదా? గీ గళ్లు సదరం ఉండయి, పొడుగు ఒకటి, ఎడల్పు ఒకటి," అన్నాడు. స్కేలు తెచ్చి చూపించాడు. ఒకే కొలతలో అడ్డంగా ఎనిమిది గళ్లు, నిలువుగా పది. చీరలో నిలువుగా పోయే పడుగు పోగులూ అడ్డంగా పోయే పేక పోగులూ ఒకే లెక్కన ఉండవు కాబట్టి, నేతవాళ్ల కాగితం కూడా ఆ లెక్క ప్రకారమే ఉంటుందట. ఒక్క గడిలో కంటికి తెలియని తేడా, ముఖమంతా పేర్చేసరికి బయటపడింది. కట్టెపుల్లలాంటి పెద్దమ్మ నా కాగితం మీద బూరెబుగ్గలతో, అణిగిన నుదుటితో నిండుగా కూర్చుంది. తొమ్మిది రోజుల్లో నేను ఒక్కసారి కూడా బొమ్మను దూరం పెట్టి చూడలేదు.

పెద్దమ్మ బొమ్మను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మంచిగ గీసినవ్," అంది. తర్వాత మెల్లగా, "ఎవలు కొడుకా గీమె?" అని అడిగింది. అక్క ఆపుకోలేక నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వబోయి, నొప్పి లేచి దవడ పట్టుకుంది. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. నాలుగైదు గంటల్లో కారు వస్తుంది, ఆమె ముఖం వెళ్లిపోతుంది, నా చేతిలో ఎవరో తెలియని ఆమె బొమ్మ. గళ్ల పొరపాటని ఏదో సంజాయిషీ చెప్పబోతే పెద్దమ్మ అడ్డుపడింది. "గళ్లది గాదు. నువ్వు నన్ను సూడలే. కార్డును సూసినవ్." అని, చెంప మీది కొంగు తీసేసింది. "ఇగో, గిప్పుడు సూడు."

అక్క తన కూతురి డ్రాయింగు పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చించి ఇచ్చింది. గళ్లు లేవు. ఊతకు ఉంటుందని ముందు నిలువుగా ఒక గీత గీసుకున్నాను, ముఖానికి నడిమి గీత. ఆ తర్వాత తల ఎత్తి చూశాను. నేను పుట్టిన ఇన్నేళ్లలో ఆమె చాట లేకుండా, తల ఎత్తి నా వైపే చూస్తూ కూర్చోవడం అదే మొదటిసారి. కుడి కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంది. కన్ను ఒక చివర కొంచెం కిందికి వాలి ఉంది. ఇవేవీ నాకు తెలియవు. వణుకుతున్న చేతిని గట్టిగా ఒత్తిపట్టి గీయడం మొదలుపెట్టాను, అందుకే ఆ సగం అంత నల్లగా వచ్చింది. వాపు లేని పక్కనుంచే మొదలుపెట్టాను. కుడిచేతివాణ్ణి, కాగితానికి ఎడమవైపు నుంచి గీస్తే చెయ్యి మసకపరచదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. వాపు వైపు చూడలేకపోయాను. కుడికన్ను, సగం ముక్కు, సగం పెదవి అయ్యేసరికి కారు హారన్ వినిపించింది. చెప్పిన వేళ కంటే రెండు గంటలు ముందే వచ్చింది.

"మిగతాది నువ్వొచ్చినాక గీస్తా," అన్నాను. అనకూడని మాటేదో అన్నట్టు అక్క నా వైపు చూసింది. పెద్దమ్మ చెప్పులు వేసుకుంటూ, "సగంకాడ పెట్టి నేనెటు పోత? అస్త గని, పెన్సిల్ చెక్కిపెట్టు," అంది.

ఆ తర్వాతి మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. సగం బొమ్మను కొట్టులో సొరుగులో పెట్టాను. ఒకసారి చీము పట్టిందన్నారు. ఇంకోసారి గొట్టంతోనే తిండి అన్నారు. ఫోన్ మోగితే ఎత్తడానికి భయం, మోగకపోతే ఇంకా భయం. మా ఆవిడ నా అవస్థ చూడలేక, "కార్డు ఫోటో ఉన్నది గదా, మిగిలింది గీసి పక్కకు పెట్టరాదు?" అంది. నేను పెన్సిల్ ముట్టుకోలేదు. ఆ సగం నా అంతట నేను పూర్తి చేస్తే ఆమె తిరిగి రావలసిన పనే ఉండదేమోనని నా భయం. చదువుకున్నవాణ్ణి, నలుగురికి దరఖాస్తులు నింపి పెట్టేవాణ్ణి, ఇలాంటి వెర్రి నమ్మకంతో మూడు నెలలు బతికానంటే ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గే. ప్రతి సోమవారం పెన్సిల్ మాత్రం చెక్కేవాణ్ణి. గీయకుండా చెక్కీ చెక్కీ అది బొటనవేలంత అయింది.

ఆమె వచ్చింది. కొట్టు ముందు ఆటో దిగి, అక్క చెయ్యి పట్టుకుని, గిరాకులు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. ఎడమ దవడ లోపలికి పోయింది. తొడ మీద నుంచి తీసిన చర్మం చెంపకు అతికించారు, దాని రంగు వేరు. పెదవి ఆ మూలన కిందికి గుంజుకుపోయింది. మాట ముద్దముద్దగా ఉంది, రెండుసార్లు చెబితేగానీ నాకు అర్థం కాలేదు. "ఇగ మిగిలింది గియ్యి." అప్పుడు చూశాను. చూడలేక మూడుసార్లు తల దించుకున్నాను, మూడుసార్లూ ఆమె తల ఎత్తి అలాగే ఎదురుచూసింది. కుట్ల వెంట పెన్సిల్ నడుపుతుంటే, గట్టిగా ఒత్తితే ఆమెకు నొప్పి పుడుతుందేమోనన్నట్టు చెయ్యి తేలిపోయింది. ఆ సగం పల్చగా రావడానికి కారణం అది. పూర్తయ్యాక బొమ్మ ఆమె చేతికి ఇచ్చాను. పెద్దమ్మ నల్లటి సగం మీద వేలు పెట్టి, "గీమె హైదరాబాద్ పోయింది," అంది. పల్చటి సగం మీద వేలు పెట్టి, "గీమె మల్ల అచ్చింది," అంది. ఎవరని మాత్రం అడగలేదు.

సాయంత్రం అక్క వచ్చేసరికి బొమ్మ లామినేషన్ అయిపోయి బల్ల మీద మెరుస్తోంది. రబ్బరు ఒకసారి చేతికి తీసుకున్నమాట నిజం, తీసి సొరుగులో పెట్టేసిన మాటా నిజం. "తుడువలేదా తమ్మీ?" అంది అక్క. ఇంటికి వచ్చినవాళ్లు అడిగితే పెద్దమ్మనే చెప్పమను, ఆమెకు తెలుసు అన్నాను. ఈ నెలలో పెద్దమ్మకు మళ్లీ పరీక్షలున్నాయి, ప్రతి ఏడూ ఉంటాయి, ఆ రిపోర్టు వచ్చేదాకా ప్రతి ఏడూ నాకు నిద్ర పట్టదు. అక్క బస్సెక్కి పోయాక పెన్సిల్ ఒకటి చెక్కి పెట్టుకున్నాను. ఆ మూడు నెలలు మా ఇంటిల్లిపాదికీ ఎంతకూ తరగని కాలం. కాగితం మీద మాత్రం అవి వెంట్రుకవాసి వెడల్పున్న ఒక్క గీత.