ఆదివారమే బయల్దేరిన సంచి

మా చిన్నమ్మ లచ్చవ్వకు మంచు కొండల మీద నమ్మకం లేదు. వరంగల్ కాశిబుగ్గలో ఆమె జంపఖానాలు నేసే మగ్గం ఎదుట, గోడకు ఒక పత్తి దుకాణం వాళ్ల పాత క్యాలెండరు వేలాడేది. ఏడు మారినా బొమ్మ బాగుందని చిన్నాయన దాన్ని తీయలేదు. కింద చెరువు, పైన నీలం ఆకాశం, మధ్యలో తెల్లటి కొండ. "గంత తెల్లగ కొండెట్లుంటది? సున్నమేసిండ్రు," అనేది చిన్నమ్మ. "మంచే! నేపాల్ దేశంల పోఖరా కాడ ఉన్నది," అనేవాడు చిన్నాయన. ఏళ్ల తరబడి ఈ తగవు నడిచింది. తేలకుండానే చిన్నాయన పోయాడు.

తర్వాత చిన్నమ్మ కుడి కంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయించాం గానీ ఆ కన్ను దక్కలేదు. ఎనభైల మొదట్లో ఎడమ కంటికీ పొర కమ్మసాగింది. దీపావళి దాటాక ఆపరేషన్ చేద్దామని డాక్టరు చెప్పాడు. దవాఖాన మెట్లు దిగుతూ చిన్నమ్మ నా భుజం పట్టుకుని ఆగిపోయింది.

"కొడుకా, ఈ కన్ను గూడ గట్లనే అయితే, ఆ కొండ నిజమో అబద్ధమో నాకెట్ల తెలుస్తది?"

"పోయి చూసొద్దాం," అన్నాను. నోటి నుంచి అలా వచ్చేసింది. ఆమె మొహం చూశాక ఆ మాట వెనక్కి తీసుకోవడం నా తరం కాలేదు.

నేను సుబేదారిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. సెలవు అడిగితే మా హెడ్డుగుమాస్తా, "ఫారిన్ పోతాన్నవా? పాస్‌పోర్టున్నదా?" అన్నాడు. నేపాల్‌కు మనవాళ్లకు అది అక్కర్లేదని చెబితే కాస్త నిరాశపడ్డాడు. మీలో ఎవరైనా వెళ్లదలిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి, దారిలో సగంమంది ఇదే అడుగుతారు. దసరా వెళ్లాక ఒక మంగళవారం కాశీ పోయే బండిలో రెండు బెర్తులు దొరికాయి.

సరిగ్గా అప్పుడే కళ్లకలక వచ్చింది. మనకది కొత్త జబ్బేమీ కాదు గానీ, ఆ ఏడు అది దేశదేశాలు తిరుగుతోందని పేపర్లు రాశాయి. బొంబాయిలో ఉందన్నారు, కలకత్తాలో ఉందన్నారు, చూస్తుండగానే ఎనుమాముల మార్కెట్టు వైపు బస్తాలు మోసే హమాలీలు కూడా నల్లద్దాలు పెట్టేశారు. డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. "అందరికీ వారం పది రోజుల్ల తగ్గుతది. కని ఈమెకున్నది ఒకటే కన్ను. కలకొస్తే ఆపరేషన్ ఆపాలె. ముదిరితే ఉన్న చూపుకు గూడ నేను గ్యారంటీ ఇయ్య," అన్నాడాయన.

"ఆపరేషన్ అయినంకనే పోరాదుండ్రి. కొండ ఏడికి పోతది?" అన్నది నా భార్య సుజాత.

"కొండ ఏడికీ పోదు బిడ్డా. నా కన్నే పోతది," అన్నది చిన్నమ్మ.

ఇద్దరి మాటా నిజమే. నేను మాత్రం పొద్దున లేవగానే వెళ్దామనుకునేవాణ్ని, పొద్దుగూకేసరికి వద్దనుకునేవాణ్ని. ఆ ఊగిసలాటలోనే ప్రస్థానం పెట్టాను.

మంగళవారం ఉత్తర దిక్కుకు ప్రయాణం పనికిరాదంటారు. దానికి మా పెద్దలు కనిపెట్టిన ఉపాయమే ప్రస్థానం. అంతకుముందే ఒక మంచి రోజు చూసి, వెళ్లే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా ప్రయాణపు సంచి పెట్టి వస్తారు. దాంతో బయల్దేరినట్టే లెక్క, ఆ తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. షరతల్లా ఒకటే, యాత్ర ముగిసేదాకా ఆ సంచి మళ్లీ మన గడప తొక్కకూడదు. ఆదివారం పొద్దున నా బట్టలూ చిన్నమ్మ బట్టలూ ఒకే సంచిలో సర్ది, మాకు ఉత్తరాన ఉన్న కనకయ్య మామ ఇంట్లో పెట్టాను. వెళ్లేదీ లేనిదీ తేలకుండా ఎందుకని సుజాత అడిగింది. పెట్టి ఉంచితే మన సొమ్మేం పోతుందన్నాను.

సోమవారం తెల్లారేసరికి కనకయ్య మామ ఇంటిల్లిపాదికీ కళ్లు ఎర్రబడ్డాయి. మామ నల్లద్దాలు తగిలించుకుని అరుగు మీద నిలబడి వీధంతా వినబడేలా కేకేశాడు. "ఓ అల్లుడా! నీ సంచి ఈన్నే ఉన్నది. మేమెవ్వలం ముట్టలే. కని రాత్రి మా ముసల్ది దాన్ని తలకింద పెట్టుకోని పండింది!"

"ఇగ అయిపోయింది. టికెట్లు వాపస్ చేయుండ్రి," అన్నది సుజాత. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల హాయిగా అనిపించింది. తేల్చుకునే బాధ తప్పింది కదా.

చిన్నమ్మ గోడకు ఆనుకుని అంతా విన్నది. "ప్రస్థానం పెట్టినంక ఆగుడేంది? నేను నిన్ననే బయల్దేరిన. ఈడ కూసున్నది ఎవ్వలో నాకు తెల్వది."

"కంటికి ఏమన్నా అయితే, చిన్నమ్మా?"

"నా కన్ను, నా ఫికర్. నువ్వు జర చెయ్యి పట్టు, చాలు."

నవ్వుతూనే అన్నది గానీ, నా వైపు చెయ్యి చాచే ముందు ఎడమ కంటిని కొంగుతో మెల్లగా అద్దుకుంది. ఆమెకూ భయంగానే ఉందని అప్పుడు అర్థమైంది. భయపడుతూ కూడా చెయ్యి చాచిన మనిషికి కాదని చెప్పలేకపోయాను. వెళ్దామన్నాను.

ఇక సంచి సంగతి. ఇంట్లోకి తేవడానికి లేదు, ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లడానికీ లేదు. వెదురు కర్రకు తగిలించుకుని, నూలుకు రంగులద్దే ఐలయ్య షెడ్డుకు మోసుకెళ్లాను. అక్కడ పెద్ద గుండిగలో ఎప్పుడూ నీళ్లు మరుగుతుంటాయి. "కడిగిన గుండిగనే, ఏస్కో అన్నా," అన్నాడు ఐలయ్య. కడిగిన మాట నిజమే. కానీ ఎర్ర నూలు ఉడికిన గుండిగ ఎంత కడిగినా కొంత రంగు దాచుకుంటుందని నేతగాళ్ల ఇంట్లో పుట్టిన నాకు తట్టలేదంటే ఎవరు నమ్ముతారు? చిన్నమ్మ తెల్ల చీరలు, నా ధోవతులు, లాల్చీలు, తువ్వాళ్లు, అన్నీ గులాబీ రంగుతో బయటికొచ్చాయి. నేను తల పట్టుకున్నాను. చిన్నమ్మ మాత్రం ఒక చీర ఆరీ ఆరకముందే షెడ్డు వెనక్కి వెళ్లి కట్టుకుని వచ్చింది. "మీ చిన్నాయన పోయినంక రంగు చీర కట్టుడు ఇదే," అని కొంగు చూసుకుని మురిసిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం వరంగల్ స్టేషన్లో బండెక్కాం. పెట్టెలో సగంమంది నల్లద్దాల్లోనే ఉన్నారు. చూస్తే కలక అంటుకుంటుందన్న భయంతో ఎవరూ ఎవరి మొహమూ చూడరు, అందరూ కిటికీలకే కబుర్లు చెబుతున్నారు. ఎదుటి బెర్తులో బెజవాడ నుంచి కాశీ వెళ్తున్న పెద్దాయన మా గులాబీ బట్టల్ని ఎగాదిగా చూసి చేతులు జోడించాడు.

"ఏ గురువుగారి శిష్యులండీ తమరు?"

"ఐలయ్య గురువు," అన్నది చిన్నమ్మ తడుముకోకుండా.

నాకు నవ్వాగలేదు. ఆయన దాన్ని భక్తి పారవశ్యం అనుకున్నాడో ఏమో, నాగపూర్ దాటేదాకా మాకు పులిహోర కొసరి కొసరి పెట్టాడు.

మర్నాడు పొద్దున ఇటార్సీ ప్లాట్‌ఫారం మీద నల్లద్దాలమ్మేవాడు కనిపించాడు. చిన్నమ్మ కంటికి కాపలాగా ఉంటాయని, ఒక్కొక్క జతా నేనే పెట్టుకుని చూశాను. నాలుగైదు జతలు మార్చాను. ఒకటి కొంటే చిన్నమ్మ చేతిలో తిప్పి తిరిగిచ్చేసింది. "ఉన్న అరకన్నుకు పరదా ఎందుకు? నువ్వే పెట్టుకో." పెట్టుకున్నాను. అవి నాకు బాగా నప్పాయని కూడా అనిపించింది.

ఆ రాత్రి కాశీలో సత్రం. మరునాడు సాయంత్రం గోరఖ్‌పూర్ వెళ్లే చిన్నబండి. పశుపతినాథుడి దర్శనానికే కదా అని సత్రంవాళ్లు అడిగితే, "దేవుడు మా ఊర్ల గూడ ఉన్నడయ్యా. మంచు కొండనే లేదు," అన్నది చిన్నమ్మ. తెల్లారి గోరఖ్‌పూర్లో దిగితే స్టేషను బయటే సరిహద్దుకు బస్సులుంటాయి. సునౌలి దగ్గర ఒక గొలుసు కట్టి, దానికి అటువైపు నేపాల్ అన్నారు. పరదేశం అంటే ఇంకాస్త ఆర్భాటం ఉంటుందనుకున్నాను. పోలీసు ఒకడు అందరి కళ్లూ చూసి వదులుతున్నాడు. చిన్నమ్మ గడ్డం పట్టుకుని ఎడమ కన్ను పరీక్షించి, "సాఫ్ హై, మాయీ," అన్నాడు. ఆ మాట విన్నాక గానీ నాకు ఊపిరాడలేదు. ఆ రాత్రి అక్కడే ఒక పూటకూళ్ల ఇంట్లో పడుకుని, మరునాడు తెల్లవారుజామున పోఖరా బస్సెక్కాం. వాంతులయ్యేవాళ్లు నిమ్మకాయలు దగ్గరుంచుకోండి, రోజంతా ఆ బస్సు కొండల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

పోఖరాలో దిగేసరికి చీకటి పడుతోంది, పైన మబ్బు పట్టి ఉంది. పొద్దున తెరిపిస్తే మేడ మీంచి కొండ కనిపిస్తుందని లాడ్జి ఆవిడ హిందీలో చెప్పింది. నాకు కళ్లలో ఇసుక పడ్డట్టుంది. బస్సు దుమ్మనుకుని పడుకున్నాను.

తెల్లారి లేస్తే రెప్పలు విడిపోవు. నీళ్లతో తడిపి తెరిస్తే వెలుతురు సూదుల్లా గుచ్చుకుంది. ఇటార్సీలో అద్దాలు పెట్టి చూసినవాణ్ని నేనొక్కణ్నేనా! ఆ జతలు నాకన్నా ముందు ఎన్ని ఎర్రకళ్ల మీద కూర్చున్నాయో! "చిన్నమ్మా, లోపలికి రాకు! నాకు కలకొచ్చింది!" అని అరిచాను. ఆమె కన్ను కాపాడతానని వచ్చినవాణ్ని, ఆ జబ్బును నేనే ఆమె గదికి తెచ్చాను.

లాడ్జి ఆవిడ చిన్నమ్మను మేడ మీదికి తీసుకెళ్లింది. నేను గులాబీ తువ్వాలు మొహానికి కప్పుకుని మెట్ల కింద కూర్చున్నాను. మబ్బు విడిందో లేదో తెలియదు. విడినా, పొర కమ్మిన ఆ కంటికి అంత దూరం ఆనుతుందో లేదో తెలియదు. ఉన్నట్టుండి పైనుంచి కేక వినబడింది.

"ఓరి కొడుకా! సున్నం గాదురా!"

"కనపడతాందా?"

"పొర ఉన్నా అడ్డమొస్తలేదు, గంత పెద్దగున్నది! ఇనుకో. తెల్లగ లేదు. మన బట్టల రంగున్నది, అచ్చం ఐలయ్య గుండిగల ముంచి తీసినట్టు! ఆగు... ఇప్పుడు పసుపు. కొసకెల్లి కిందికి దిగుతాంది..."

తువ్వాలు మీద ఎండ వెచ్చబడింది. తర్వాత మెల్లగా వినబడింది. "ఇగ తెలుపు. మీ చిన్నాయన గెలిచిండు."

ఆమె ఏడుస్తోందని గొంతు చెప్పింది. కింద నేనూ ఏడ్చాను. కలక కళ్లతో ఏడిస్తే ఎంత మంటో అనుభవించినవాళ్లకే తెలుసు, అయినా సంతోషంగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో చెయ్యి పట్టుకుని నడిపించింది ఆమే. బస్సులు వెతికింది, బెర్తులు కనుక్కుంది, రాని హిందీలో కూలీలతో దెబ్బలాడింది. పట్టుకున్నప్పుడల్లా చేతులు సబ్బుతో కడిగించాను. కూర్చున్నప్పుడు మాత్రం నాకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కొండ ముచ్చట చెప్పేది. స్టేషను స్టేషనుకూ ఆ కొండ పెరుగుతూ వచ్చింది. నాగపూర్ చేరేసరికి దాని కొస చందమామకు తగిలింది.

కాజీపేట దగ్గర పడుతుండగా తెల్లారింది. తువ్వాలు తీసి చూశాను. మంట లేదు, ఎరుపూ విరిగిపోయింది.

"చిన్నమ్మా, ఒకసారి ఇటు తిరుగు."

"అంటుకుంటది. చూడకు."

"తగ్గింది. తిరుగు."

భయపడుతూ తిరిగింది. ఇన్ని రోజులుగా అడగడానికి జంకిన సంగతి అప్పుడు కళ్లారా చూశాను. ఎడమ కంటి నల్లగుడ్డు మీద పొర ఎప్పటిలాగే మసకగా ఉంది. దాని చుట్టూ ఒక్క ఎర్ర జీర కూడా లేదు.

"ఏం చూస్తాన్నవ్‌రా?"

"తెలుపు," అన్నాను.

హిమాలయాలు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే ఆమె చెప్పినట్టే చెబుతాను. ముందు గులాబీ, తర్వాత పసుపు, ఆఖరికి తెలుపు. మొదటి రెండూ విన్నవే. తెలుపు మాత్రం నేనే చూశాను, కాజీపేట దగ్గర.

వరంగల్ స్టేషన్లో బండి ఆగింది. చిన్నమ్మ గులాబీ కొంగు నడుముకు దోపి, కిందికి వంగి సంచి లాగింది.

"పట్టు కొడుకా. ఇగ ఇది మన గడప తొక్కొచ్చు."