యాక్టివ్ కాని అప్రోచ్

నిన్న పొద్దున కొత్తకోటలో, నేను నాన్న మెకానిక్ షెడ్డులో ఉండగా సుజాత వదిన ఫోన్ చేసింది.

"పద్మా... మీ అన్న ఇంక లేడు."

ఫోన్ చెవి దగ్గరే ఉంది. పక్కన లారీ ఇంజిన్ రేస్ చేస్తున్నారు.

రాఘవన్న. సొంత అన్న కాదు. గద్వాల మగ్గాల ఇంట్లో పుట్టి విమాన కెప్టెన్ అయినవాడు. నాకు ఫ్లయింగ్ నేర్పినవాడు.

మబ్బుల్లో రన్‌వే కనపడనప్పుడు, కాక్‌పిట్‌లోని జీపీఎస్ చూపే పాయింట్లు ఒక్కొక్కటే దాటుతూ మెట్లు మెట్లుగా దిగాలి. అప్రోచ్ అనే ఆ దిగడం నాకు వాళ్లింటి నేల మీద నేర్పాడు. స్టీలు గ్లాసులు వరసగా పెట్టి, వాటి వెంట నన్ను నడిపించాడు. వాళ్లమ్మ నూలు కండెలు పక్కకు జరిపి మాకు దారి ఇచ్చింది.

ఆఖరి గ్లాసు ముందు ఆపేవాడు. రన్‌వే దాకా దింపడానికి జీపీఎస్ సిద్ధమైతేనే తెర మీద 'యాక్టివ్' అని వస్తుంది.

"తెర మీద యాక్టివ్ అని వచ్చిందా? రాకుంటే ఒక్క అడుగు గూడ దిగొద్దు చెల్లె. సీదా మీదికే."

రెండేళ్లకు ఒకే చిన్న కంపెనీలో చేరాం. ఆయన కెప్టెన్, నేను కోపైలట్.

ఒక వానరోజు లేటవుతోందని ఆయన మధ్య పాయింట్లు వదిలేసి విమానాన్ని అడ్డంగా తిప్పాడు. ఆఖరి పాయింట్ వచ్చేసింది. తెర మీద యాక్టివ్ రాలేదు.

"అన్నా, కాలేదు. మీదికి పోదాం."

"వస్తది. జర ఆగు."

దిగుతూనే ఉన్నాడు.

మబ్బు చీలింది. ఎడమ రెక్క కింద గుట్ట. దాని మీద చెదిరి పరిగెడుతున్న మేకలు.

నేను అరిచాను. ఆయన విమానాన్ని పైకి లాగాడు. బతికాం.

వారం తర్వాత ఆఫీసులో రిపోర్ట్ చూపించారు. "కోపైలట్ అప్రోచ్ తప్పుగా లోడ్ చేసింది." కింద ఆయన సంతకం.

ఆ పాయింట్లను జీపీఎస్‌లో నేను సరిగ్గానే లోడ్ చేశాను. ఆయనకూ తెలుసు.

నిలదీస్తే తల దించుకొని అన్నాడు: "నాకు ఇద్దరు పిల్లలు. నీకింకా వయసున్నది."

నా ఉద్యోగం పోయింది. తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా ఆ రిపోర్టే అడిగారు. మళ్లీ కాక్‌పిట్ ఎక్కలేదు.

పోయిన నెల ఆయన లివర్ పాడైందని తెలిసి దవాఖానకు వెళ్లాను. నా చెయ్యి పట్టుకొని ఏడ్చాడు.

"తప్పు నాదే చెల్లె. ఇంటికి పోయినంక రాసిస్త."

నమ్మాను. మళ్లీ నమ్మాను!

నిన్న గద్వాలలో అంత్యక్రియలు అయ్యాక, నేను అడగకముందే వదిన అంది:

"రెండుసార్లు పెన్ను చేతికిచ్చిన పద్మా. వద్దని పక్కకు వెట్టిండు."

మొదటిసారి భయపడ్డావు అనుకున్నాను అన్నా. ఈసారి దేనికి భయం? పోతూ పోతూ ఒక్క లైన్. అంతే కదా నేను అడిగింది.

సరే. నువ్వు రాయనిది నేను రాస్తున్నాను. మనతో పనిచేసిన వాళ్లందరూ చదవాలి. ఆ రోజు మీదికి పోదామన్నది నేను. దిగింది కెప్టెన్ రాఘవ.

నాకు ఆకాశం చూపించిందీ ఆయనే. అది కూడా నిజమే. అందుకే రాత్రంతా ఏడ్చాను.

పోయిరా రాఘవన్నా. నా కోపం నాతోనే ఉండనీ, నువ్వు మాత్రం ప్రశాంతంగా ఉండు.