కంటి ఆసుపత్రి బోర్డు మీద మామగారి పేరు

కోయంబత్తూరులో నా పని బోర్డులు గీయడం. రంగుల బోర్డులు కాదు. ఆసుపత్రుల్లో, బస్టాండ్లలో, మాల్స్‌లో ఏ తెర మీద ఏ అక్షరం ఎంత పెద్దగా కనపడాలి, ఎంతసేపు నిలవాలి అని తేల్చే పని. ఈ పనిలో ఉన్నవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. కానీ మదురైలో ఆ కంటి ఆసుపత్రి తెర గీసినవాణ్ణి మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. కళ్లలో మందు వేసి, మూసుకోమని కూర్చోబెట్టిన మనుషుల్ని పిలవడానికి వాడు గోడ మీద ఒక మూగ తెర పెట్టాడు. టింగుమంటుంది, పేరు వెలుగుతుంది, పోతుంది. వాడి రెండు కళ్లలోనూ ఆ మందే పోసి, ఆ బెంచీ మీదే కూర్చోబెట్టి, నీ పేరు వచ్చిందేమో చూసుకోరా అనాలని ఉంటుంది నాకు.

మా మేనత్తది మదురైకి దిగువన నల్లరేగడి ఊరు. మామకు ఎడమ కన్ను చిన్నతనంలోనే పత్తికట్టె గుచ్చుకుని పోయింది. ఉన్న ఒక్క కుడికంటికీ ఒక ఉదయం పొలంలో ఉండగా ఓ పక్కనుంచి నల్లగా పరదా దిగింది. దగ్గరి టౌనులో డాక్టరు చూసి, కంటి లోపలి పొర ఊడుతోంది, ఈరోజే మదురైలో ఆపరేషను కావాలి, ఆలస్యమైతే చూపు దక్కదు అన్నాడు. ఇద్దరూ బస్సెక్కారు. నాకు ఫోను చేస్తే నేనూ కోయంబత్తూరులో బస్సెక్కాను.

ఆసుపత్రి వాకిట్లోనే పేరు నమోదు చేసే యంత్రం, దాని పక్కన ఒక అమ్మాయి. అత్త సంచులకు కాపలాగా ఆగిపోతే మామ ఒక్కడే తడుముకుంటూ వెళ్లాడు. యంత్రం ముందుపేరు అడిగింది, చివరిపేరు అడిగింది. మాకు చివరిపేరంటూ ఒకటి లేదు. ఇంటిపేరు పెళ్లిమాటల్లో తప్ప బయటికి రాదు. తెలుగువాళ్లమైనా, తరాలుగా ఉంటున్న అరవదేశంలో అందరికీ ఉన్నట్టే తండ్రిపేరులోని మొదటి అక్షరం మా పేరుకు ముందు నిలబడుతుంది. యంత్రం ఆ ఒక్క అక్షరంతో సరిపెట్టుకోలేదు. "అప్పా పేర్ సొల్లుంగ" అని అడిగింది అమ్మాయి. మామ తన తండ్రి పేరు చెప్పాడు. చివరిపేరు గడిలో ఆ చచ్చిపోయిన పెద్దమనిషి వెళ్లి కూర్చున్నాడు. లోపలి తెర మీద చోటు చాలదని, దాన్ని గీసిన మహానుభావుడు చివరిపేరొక్కటే కనపడేలా పెట్టాడు.

అత్త తన మామగారి పేరు పలకదు. మా వాళ్లలో ఆ తరం కోడళ్లెవరూ పలకరు. అదే పేరు పెట్టిన సొంత కొడుకును "సామీ" అంటూ పెంచింది. ఆ పేరుతోనే దారిలో ఒక ఊరుంది. అక్కడికి పోవాలంటే కండక్టరుకు దాని ముందు ఊరు చెప్పి, "దాని తరవాతది" అనేది. పిల్లలం ఎగతాళి చేస్తే తనూ నవ్వేది గానీ పలికేది కాదు. ఆ మామగారు సాంబారులో ఉప్పెక్కువైందని ఆమెను నలుగురి ముందు చెంపదెబ్బ కొట్టిన మనిషి. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆమె ఆ మర్యాద వదల్లేదు.

హాల్లో మామ కళ్లు మూసుకుని, "వచ్చే పేరంతా సదువు. వరిస ఎట్ల పోతుండాదో తెలియాల" అన్నాడు. అత్తకు అరవం కూడబలుక్కుని చదవడం వచ్చు. ఒక్కొక్క పేరూ చదువుతూ, భర్త పేరు కోసం చూస్తోంది. టింగుమని ఒక పేరు వెలిగింది. ఆమె చదవలేదు. పమిట సర్దుకుని, చాచిన కాళ్లు ముడుచుకుంది.

"ఏమి, ఆపితివి? ఎవురి పేరు?"

"ఎవురో పెద్దోళ్లది. మనది కాదు."

మళ్లీ వెలిగింది, మళ్లీ ఊరుకుంది. మూడోసారీ అంతే. ఆ పేరు ఒక్కసారి ఆమె నోట వినపడి ఉంటే మామకు తెలిసిపోయేది. యంత్రం దగ్గర దాన్ని చెప్పింది ఆయనే.

నేను చేరేసరికి హాలు సగం ఖాళీ అయింది. ఇంకా ఎంతసేపని కౌంటరులో అడిగితే, అక్కడి మనిషి తలెత్తకుండానే "మూణు తడవ కూప్పిట్టాచ్చు. ఆళ్ వరలె" అన్నాడు. మూడుసార్లు పిలిచారట, మనిషి రాలేదట. ఏ పేరుతో పిలిచారని అడిగాను. చెప్పాడు. నా వెనక నిలబడ్డ అత్త గోడకు చేయి ఆనించింది. మామ కూడా విన్నాడు.

"అది మా అప్పన పేరు కదా. నువ్వు చూస్తివా?"

"చూస్తి" అంది అత్త.

అప్పటికే ఆపరేషను చేసే డాక్టరు వెళ్లిపోయాడు. అది శనివారం. నేను అరిచాను, తర్వాత కాళ్లావేళ్లా పడ్డాను. సోమవారం రమ్మన్నారు. సోమవారం ఆపరేషను బాగానే జరిగిందన్నారు, చూపు మాత్రం రాలేదు. కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే.

ఇంటికి పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లలో కొందరు అత్తను మెచ్చుకున్నారు కూడా. "ఈ కాలంల ఎవురుండారు ఇట్ల మర్యాద తెలిసినోళ్లు" అన్నారు. వాళ్ల నోట్లో మట్టి కొట్టాలనిపించింది. మామ మంచం మీదనుంచి అంతా వింటూ ఉన్నాడు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. పేరు సరిచేయమని అడిగితే కౌంటరులో మనిషి "సిస్టంల అప్పిడిదాన్ ఇరుక్కు" అన్నాడు, అది అంతేనట. సరే, ఈసారి తెర నేనే చూస్తానని మామ పక్కన కూర్చోబోయాను. ఆయన చేత్తో తడిమి నన్ను జరిపాడు. "మీ అత్త సదవనీ" అన్నాడు.

అత్త వరసగా చదువుతూ పోయింది. టింగుమంది. ఆ పేరే. హాలు నిండా జనం. ఆమె పమిట సర్దుకుంది. తర్వాత చదివింది, జీవితంలో మొదటిసారి, పూర్తిగా.

నేను లేచాను. మామ లేవలేదు.

"ఇంగోసారి సదువు" అన్నాడు.

తెర మళ్లీ వెలిగింది, ఆమె మళ్లీ చదివింది. డాక్టరు పిలుస్తున్నాడు, పోదాం మామా అన్నాను. ఆయన నావైపు తిరగలేదు. ఆ నిమిషాన ఆయనంటే నాకు అసహ్యం వేసింది. జాలి ఆ తర్వాతెప్పుడో వేసింది.

"ఇంగోసారి."

మూడోసారి ఆమె గొంతు తడబడలేదు. అప్పుడాయన చేయి చాచి, ఆమె భుజం పట్టుకుని లేచాడు.