సమాధుల తోటలో మూడో ఫ్రేము

2023 డిసెంబరు. ముహూర్తాలు లేని వారం. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న మా స్టూడియోలో పాత ఆల్బములు సర్దుకుంటుంటే సునందమ్మ గారు వచ్చారు. రిటైరైన టీచరు. పోలవరం ముంపులో ఖాళీ అయిన ఒక ఊరు ఆవిడది. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. చేతిలో ఒక పాస్‌పోర్టు ఫోటో ఉంది.

ఆ ఫోటోలోని మనిషి ఆవిడ అన్నయ్య దేవసహాయం గారు. పాత ఊరి చర్చిలో ఉపదేశి, అంటే పాస్టరు గారు రాని వారాల్లో ఆరాధన నడిపించి, పిల్లలకు వాక్యం నేర్పే మనిషి. భార్యా పిల్లలు లేరు. కాలనీలో ఇల్లు ఇచ్చినా ఆయన కుదురుకోలేదట. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆయన చేతిసంచి ఏటి ఒడ్డున తడిసి దొరికింది. పడవల మీద వెతికారు. పాత ఊళ్లో దిగి కేకలు వేశారు. ఎవరూ పలకలేదు. ఏరు తీసుకుపోయిందని చివరికి అందరూ ఒప్పుకున్నారు, ఆవిడ కూడా.

"క్రిస్మస్ లోపల జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం బాబూ. ఈ ఫోటో పెద్దది చేయండి. వెనకాల పెట్టడానికి మా సమాధుల తోట కూడా కావాలి. తెల్లవారుతుండగా తీయాలి."

ఆ వేళే ఎందుకన్నదీ ఆవిడే చెప్పారు. ఈస్టర్ రోజున తెల్లవారకముందే సంఘమంతా సమాధుల దగ్గరికి వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థాన కీర్తనలు పాడడం మా క్రైస్తవుల ఆచారం. మా నాన్న సమాధి దగ్గర నేనూ చిన్నప్పటి నుంచి అలా నిలబడ్డవాణ్ణే. వాళ్ళ ఊళ్లో మొదటి కొవ్వొత్తి దేవసహాయం గారే వెలిగించేవారట. అక్కడి నుంచి చూస్తే ఏరు, అవతల కొండలు కనిపిస్తాయి. అక్కడికి తను మాత్రం రాలేనన్నారు.

ఇలాంటి పనికి నేను మిర్రర్‌లెస్ కెమెరా తీసుకెళ్ళను. పెళ్ళిళ్ళకు అదే వాడతాను, మంచిది. కానీ దాని ఐపీస్‌లో, అంటే కన్ను ఆనించే రంధ్రంలో కనిపించేది ఒక చిన్న టీవీ తెర. చీకటిని కూడా అది కాస్త వెలిగించి చూపిస్తుంది. నా పాత డీఎస్ఎల్ఆర్‌లో అలా కాదు. లోపల ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురే ఆ అద్దం మీద పడి కంటికి చేరుతుంది. చీకటి చీకటిగానే ఉంటుంది. పొద్దు పొడిచేదాకా ఎంతసేపు కన్ను ఆనించి చూసినా బ్యాటరీ తరగదు. కరెంటు లేని చోట అది చిన్న విషయం కాదు. ఒకటే తిరకాసు. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, ఫోటో పడుతున్నంతసేపూ మనకేమీ కనబడదు. కెమెరా చూస్తున్న ఆ కాసేపు మాత్రం మనం గుడ్డివాళ్ళం.

పడవ సత్తిబాబుది. నా ట్రైపాడ్, బ్యాగు ఎక్కిస్తూ నవ్వాడు. "ఏంటండీ ఈ బండరాయి? మా మేనల్లుడి పెళ్ళికి తెచ్చింది బుజ్జిగా ఉంది కదండీ. అది అమ్మేశారా?"

అమ్మలేదని, కొండల ముందు బుజ్జిదైనా బండదైనా ఒకటేనని చెప్పాను. ఊరు దగ్గరపడేకొద్దీ అతని మాటలు తగ్గిపోయాయి. మంచు ఏటి మీద పొరలు పొరలుగా లేస్తోంది. ఒడ్డుకు చేరాక తాను పడవలోనే ఉంటానన్నాడు. ఆ ఊళ్లోకి పొద్దెక్కకుండా తమవాళ్ళెవరూ వెళ్ళరని, ఎందుకని అడగొద్దని అన్నాడు.

టార్చి వేసుకుని నడిచాను. గోడలున్నాయి, తలుపులు లేవు. కిటికీల పై అంచుదాకా ఒండ్రు గీత ఉంది. మనుషులు వెళ్ళిపోయిన ఊళ్లో కుక్కయినా ఉంటుందనుకున్నాను. అదీ లేదు. చర్చికి కప్పు పోయింది, మెట్లు మిగిలాయి. సమాధుల తోట దాని పక్కనే, కొండ మొదట్లో ఉంది. వరద అన్నిటినీ మట్టితో కప్పేసి ఉంటుందనుకుంటూ వెళ్ళాను. ముందు వరసలో సమాధులు శుభ్రంగా ఉన్నాయి. వెనక వరసలు మాత్రం బురదలో ఉన్నాయి. నీళ్ళు ఒరుసుకుపారిన వైపు కడిగి ఉంటాయని సరిపెట్టుకున్నాను.

కెమెరా నిలబెట్టి, టార్చి ఆర్పేశాను. ఆ వెలుతురులో షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ నేను కెమెరా పక్కన నిలబడి, శాలువా తల మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని, సండే స్కూల్లో కంఠతా పట్టిన ఒక కీర్తన మనసులో చెప్పుకుంటాను. అది పూర్తయితే ఫోటో పూర్తయినట్టు. గడియారం చూసే పని లేదు. చాలా ఏళ్ళుగా అదే అలవాటు.

ఆ రోజు రెండోసారి కీర్తన చెప్పుకుంటుండగా కిరసనాయిలు వాసన వచ్చింది. పడవ ఇంజనుదనుకున్నాను. మూడోసారి మెడ వెనక ఎవరో ఊపిరి బిగపట్టినట్టు అనిపించింది. చనిపోయినవాళ్ళ జోలికి పోకూడదని సంఘంలో నేర్చుకున్నవాణ్ణి. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. ఆమెన్ అనుకుని తెరిచేసరికి కొండలు నీలంగా తేలుతున్నాయి. వెనక ఎవరూ లేరు.

స్టూడియోలో కంప్యూటరు మీద వేసి చూశాను. మొదటి ఫ్రేము బాగుంది. రెండోదాంట్లో సమాధుల పైన లేత పసుపు మరక ఉంది. మూడోదాంట్లో అదే మరక చిక్కబడి, పొడుగ్గా, మనిషంత ఎత్తున ఉంది.

సునందమ్మ గారు వచ్చి ఆ మూడోదాన్ని చూసి కుర్చీలో కూర్చుండిపోయారు.

"అన్నయ్య వెలుగులోకి వెళ్ళిపోయాడు బాబూ. ఇదే పెట్టండి. ఇంక నాకు దిగుల్లేదు."

అదే పెట్టి ఇచ్చేస్తే ఆవిడకు ఆదరణ దొరికేది. కూడికలో అందరూ దేవుణ్ణి స్తుతించేవారు. కానీ ఆ మరక ఏంటో నాకు అనుమానంగా ఉంది. నిజం కానిదాన్ని దేవుని పేరు మీద గోడకు తగిలించడానికి చేయి రాలేదు. కోపగించుకోవద్దని అడిగి, తలుపులు మూసి గది చీకటి చేశాను. కెమెరా స్టాండు మీద పెట్టి, ఒక కొవ్వొత్తి వెలిగించి ఆవిడ చేతికిచ్చాను. కెమెరా ముందు కాదు, వెనక నిలబడమన్నాను. ఫోటో పడింది. అదే మరక.

డీఎస్ఎల్ఆర్‌కు ఉన్న లోపం ఇది. లెన్స్‌లోంచి కంటికి దారి ఉన్నట్టే, కంటి వైపు నుంచి లోపలికీ సన్నని దారి ఉంటుంది. షట్టరు చాలాసేపు తెరిచి ఉంచితే వెనకున్న వెలుతురు ఐపీస్‌లోంచి దూరి ఫోటో మీద పడుతుంది. అందుకే దానికో రబ్బరు మూత ఇస్తారు. ఆ తెల్లవారుజామున నేను అది పెట్టలేదు. వెనక కొండ, చీకటి. అటు నుంచి వెలుతురు వచ్చే ప్రశ్నే లేదనుకున్నాను.

"అంటే ఆ వెలుగు సమాధుల మీద లేదండి. నా వెనక ఉంది" అన్నాను.

ఆవిడ కొవ్వొత్తి ఆర్పలేదు. దాన్నే చూస్తూ మెల్లగా అడిగారు. "రెండోదానికంటే మూడోదాంట్లో ఎక్కువుంది కదా. అంటే దగ్గరికి వచ్చిందన్నమాట. ఎవరు పట్టుకున్నారు బాబూ?"

సత్తిబాబుకి ఫోన్ చేశాను. "పడవ దిగితే ఒట్టండి. నాకు అంత ధైర్యమే ఉంటేనా" అన్నాడు.

మర్నాడే బయలుదేరాం. ఈసారి ఆవిడ పడవలో ముందు కూర్చున్నారు. ఎండ బాగా ఉంది, అయినా ఊరు అలాగే ఉంది. సమాధుల తోటలో మరో వరస బురద వదిలి బయటపడింది. ఆ వరస చివర, ఒక సమాధి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక మనిషి చేతులతో ఒండ్రు తీస్తున్నాడు. గడ్డం పెరిగిపోయింది. పక్కన లాంతరు ఉంది.

సునందమ్మ గారు "అన్నయ్యా" అన్నారు. ఆయన తల ఎత్తలేదు. మళ్ళీ పిలిచారు. ఎత్తలేదు. ఆవిడ వెళ్ళి ఆయన భుజం పట్టుకున్నారు. అప్పుడు ఆయన తన భుజం మీదున్న ఆ చేతిని చూశారు. ముఖం తర్వాత చూశారు.

ఆయన చెప్పినదంతా ఆ పూట ముక్కలు ముక్కలుగా తెలిసింది. వరదకు సమాధులు పూడిపోయాయని విని, పేర్లు కనబడకుండా పోతాయని వచ్చారట. దారినపోయే పరాయి పడవ ఎక్కి వచ్చి, అది వెళ్ళిపోయాక ఒడ్డున జారి ఏట్లో పడితే సంచి, ఫోను కొట్టుకుపోయాయి. కొండ మీది గూడెంవాళ్ళు బియ్యం, కిరసనాయిలు ఇచ్చేవారు. ఈయన కోసం ఎవరైనా వెతుకుతున్నారని వాళ్ళకు తెలియదు. కింద కేకలు వినబడినప్పుడు ఈయన జ్వరంతో గూడెంలో పడుకుని ఉన్నారు. దిగివచ్చేసరికి పడవలు వెళ్ళిపోయాయి. తర్వాత ఎవరూ రాలేదు. రోజులు పోయేకొద్దీ గూడెం వైపు వెళ్ళడమూ తగ్గిపోయింది.

నన్ను చూసి అడిగారు. "ఆ రోజు ముసుగేసుకుని నిలబడ్డది మీరేనా అండీ?"

"నేనేనండి. మీరు పిలవాల్సింది."

"నోరు పెగల్లేదండి. మాట్లాడి చాలా రోజులైంది కదా. లాంతరు పట్టుకుని మీ వెనకే వచ్చాను. మీకు చేయి తగిలేంత దగ్గర. మీరు తిరగలేదు." చేతుల ఒండ్రు దులుపుకున్నారు. "పోయినవాళ్ళను బతికున్నవాళ్ళు చూడలేరు కదండీ. అప్పుడర్థమైంది, ఏట్లో పడ్డ రోజునే నేను పోయానని. ఇంక వెళ్ళి నా చోటు కూడా తవ్వుకుందామని మొదలుపెట్టాను."

ఆ వరస చివర, పేరు లేని చోట, సగం తవ్విన గొయ్యి ఉంది. సునందమ్మ గారు అన్నయ్య చేయి వదలకుండా దానివైపు చూశారు.

జ్ఞాపకార్థ కూడిక అదే రోజున కృతజ్ఞతా కూడికగా జరిగింది. ఉపదేశి గారు ముందు వరసలో కూర్చున్నారు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ మోచేతిని తాకి చూసుకునేవారు.

ఇప్పటికీ ఫోటోలు నేర్చుకునేవాళ్ళు అడుగుతుంటారు, మిర్రర్‌లెస్ ఉండగా ఇంకా ఆ పాతదెందుకని. ఆ రోజు మిర్రర్‌లెస్ తీసుకెళ్ళి ఉంటే, దానిలోకి వెనక నుంచి వెలుతురుకు దారి లేదు కాబట్టి, మూడు ఫ్రేములూ మచ్చ లేకుండా వచ్చేవి. చక్కగా ప్రింటు తీసి, ఫ్రేము కట్టి ఇచ్చేసేవాణ్ణి. దాని ముందు బతికున్న మనిషి కోసం సంఘమంతా ఏడ్చేది. ఈ మాట చెప్పి ఊరుకుంటాను.

కీర్తన ఇప్పటికీ చెప్పుకుంటాను, కళ్ళు తెరిచి. ఎంత నిర్మానుష్యమైన చోటైనా, షట్టరు నొక్కే ముందు వెనక్కి తిరిగి, ఆ చీకటికి పైకే "వందనాలండీ" అని చెప్తాను. ఎవరూ పలకరు. అయినా నోరు పెగలనివాళ్ళకు కూడా సరిపడేంతసేపు ఆగి, ఆ తర్వాతే నొక్కుతాను.