నిలబడి తెంపే కూరగాయలు

ఆకుకూరల పనంత కింద కూసునే చెయ్యాలె. కలుపు కూసునే తియ్యాలె, కొత్తిమీర కూసునే పీకాలె, కట్టలు కూసునే కట్టాలె. మొయినాబాద్ అవతల మాకున్న ఎకరన్నరల పాతికేండ్ల నుంచి నేను చేస్తున్నది అదే. మడిల ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పాదాల మీద జరుగుకుంట పోవుడు, లేసి నడుం పట్టుకునుడు, మళ్ళ కూసునుడు. దాన్ని అలసట అని ఎన్నడు అనుకోలె. ఒళ్ళంటే గిట్లనే ఉంటదనుకున్న.

పోయిన వానకాలం ఒకనాడు మెంతికూర మడిల కూసున్నదాన్ని లేవలేకపోయిన. మోకాళ్ళు రెండు పట్టేసినయ్. మా ఆయన మోటరు కాడ ఉన్నడు. పిలిస్తే వచ్చి చంకల్ల చేతులు పెట్టి లేపిండు. తెల్లారి చేవెళ్ల దవాఖానకు పోయినం. డాక్టరమ్మ చూసి, "ఇగ కింద కూసోవద్దమ్మా" అన్నది.

"మేం పెట్టేది ఆకుకూరలమ్మా" అన్న.

ఆమె చీటీ ముందలికి గుంజుకున్నది. గోళీలు రాసిచ్చి, "జర తగ్గించుకోండి" అన్నది.

బస్సుల మా ఆయన అన్నడు: "ఫికర్ చెయ్యకు. కలుపు నేను తీస్త."

మందు కొట్టుడు, నీళ్ళు కట్టుడు, మార్కెట్‌కు పోవుడు ఆయన పనులు. కలుపుకు ఎన్నడు కూసోలె. కూలికి పిలుద్దామంటే మా ఊరి ఆడోళ్ళంత జన్వాడ దిక్కు ఫామ్‌హౌసులల్ల పనికి పోతున్నరు. అక్కడ చెట్లకు నీళ్ళు పట్టుడు, ఆకులు ఊడ్చుడు, అంత నిలబడి చేసే పనే. నాకు వయసుంటే నేను గూడ పోదును.

మరునాడు ఆయన ఒడ్డు మీద నాకు కుర్చీ ఏసి, కొత్తిమీర మడిల దిగిండు. ఊకె కూసుండి చేను చూసుడు నాకదే మొదటిసారి. దారిన పోయేటోళ్ళు ఏమనుకుంటరో అని సిగ్గయింది. కాసేపటికి చూస్తే, ఆయన గడ్డితోటి కొత్తిమీర గూడ పీకి ఒడ్డు మీదేస్తున్నడు.

"ఏందది, పంటనే పీకుతున్నవ్!"

"రెండు ఒక్కతీరే ఉన్నయ్ గద!"

నిజమే, వయ్యారిభామ మొలక చిన్నగున్నప్పుడు కొత్తిమీర లెక్కనే ఉంటది. "వాసన చూడు, తెలుస్తది" అన్న. ఇగ ఆయన ఒక్కొక్క మొలక ముక్కు కాడికి తెచ్చుకొని చూసుడు మొదలుపెట్టిండు. ఎన్ని దినాలకో గట్టిగ నవ్విన.

పగటీలి బువ్వ యాళ్ళకు సగం మడి గూడ కాలె. వచ్చి ఒడ్డు మీద ఎల్లెలకల పండుకున్నడు. పండుకునే అన్నడు: "ఇన్నేండ్లు గిట్లనే చేసినవా?"

"మరెట్ల చేస్తరు?"

"నాకెందుకు చెప్పలె?"

"ఏమని చెప్పాలె? చూస్తనే ఉన్నవు గద."

మోచెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకున్నడు. ఆ మాట పదేండ్ల కింద అడిగితే ఏడ్చేదాన్నేమో. ఆనాడు నాకు ఇంటికి పోయి పండుకోవాలనే ఉన్నది.

పది దినాలు చేసిండు. పదకొండోనాడు మంచం దిగుతూనే అన్నడు, "షాబాద్ కాడ మీ అన్న ద్రాక్షతోట తీసేసిండు. ఆ రాతి కడీలు ఊకెనే పడున్నయ్. తెచ్చి పందిరేద్దాం. బీర, కాకర పెట్టుకుందాం. నిలబడి తెంపొచ్చు."

నాకు కోపమొచ్చింది. "ఆకుకూర తప్ప నాకేం తెల్వదు" అన్న. రెండు దినాలు సరిగ మాట్లాడలె. మూడోనాడు అన్నకు నేనే ఫోన్ చేసిన.

కడీలు పాతి తీగ గుంజేవరకు నెల పట్టింది. బీరతీగ పందిరెక్కేవరకు ఇంకో నెల. తొలికాపు తెంపినప్పుడు చేతులు పైకెత్తి ఎత్తి భుజాలు గుంజినయ్, మెడ పట్టింది. మోకాళ్ళు పోయి ఇప్పుడు మెడనా అంటే, "పందిరి జర కిందికి ఏయాల్సుండె" అన్నడు మా ఆయన. కిందికేస్తే ఆయన తలకాయ తగులుతదని యాదికి లేదు.

ఆకుకూరలు రెండు మళ్ళే ఉంచుకున్నం, మా ఇంట్ల తినే మందం. నొప్పులు ఎక్కడికి పోలె, గోళీలు నడుస్తనే ఉన్నయ్. కాని పందిరి కింద నీడ ఉంటది. ఛాయ్ అక్కడికే తెచ్చుకుంటం. పొద్దుగూకంగ బీరపూలు పచ్చగ విచ్చుకుంటయ్, తేనెటీగలు వస్తయ్. గంప పక్కన పెట్టి కాసేపు చూస్త. మళ్ళ ఇంట్ల వంట ఉంటది గద, లేసి పోత.