మూల కుర్చీలో మోత

ఊళ్ళో ఎవరింట్లో హోమ్ థియేటర్ మొరాయించినా ముందుగా కబురు వెళ్ళేది అతనికే. గదిని బట్టి సౌండు కుదర్చడం అతని పని. అందరూ సౌండాయన అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి లోపలెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది, ఎందుకంటే కన్నతల్లికి చెవులు వినబడవు. ఎప్పుడో వచ్చిన పాడు జ్వరం రెండు చెవులనూ పట్టుకుపోయింది. చెవిలో మిషన్లు పెట్టి చూశారు, డాక్టర్లను మార్చి చూశారు, చివరికి అందరూ చేతులెత్తేశారు. అమ్మ ఇప్పుడు అక్క దగ్గర ఉంటోంది. అతని ఒంటి గదిలో వైర్లకూ పెట్టెలకూ పోగా మనిషికి చోటు మిగలదు.

బావ ఆ మధ్య ముచ్చటపడి పెద్ద సబ్‌వూఫర్, అదే, లోతైన మోతలు మోగించే పెట్టె, కొన్నాడు. బావమరిదిని ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయేదో గానీ, అడగకుండా టీవీ పక్క మూలలోకి తోసేశాడు. అది మోగితే వంటింట్లో గిన్నెలు కూడా వంత పాడేవి. ఆ హాల్లోనే ఎదురు మూలలో, కిటికీ పక్కన, అమ్మ కుర్చీ. మొదటిరోజు సినిమాలో ఉరిమేసరికి అమ్మ గబుక్కున లేచి, "వానొస్తోందర్రా, బట్టలు తియ్యండి!" అంది.

ఇల్లంతా నోరు తెరిచి చూసింది. అక్కకి ఏడుపు ఆగలేదు. అమ్మకు వినబడలేదు, నిజమే. కానీ ఆ మోత నేలలోంచి కుర్చీకీ, కుర్చీలోంచి ఒంట్లోకీ పాకింది. అప్పటినుంచి టీవీ పెడితే చాలు, అమ్మ చెప్పులు విప్పేసి పాదాలు నేలకు ఆనించి కూర్చునేది. "అదుగో, లారీ," అనేది. "ఎవడో తలుపు బాదుతున్నాడు," అనేది. సగం తప్పులే. అయినా ఆవిడ మొహంలో వెలుగు చూసి ఎవరూ దిద్దేవారు కాదు.

అంతా బాగానే ఉండేది, కింది వాటాలో మనుషులు లేకపోతే. అక్కడొక నర్సు ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటుంది. రాత్రయితే ఆవిడ పసిబిడ్డ పడుకోవాలి. ఓపిక ఉన్నన్నాళ్ళు ఊరుకుని, చివరికి ఇంటి ఓనరుతో చెప్పింది. ఇంకొక్కసారి ఫిర్యాదు వస్తే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనన్నాడు ఓనరు.  బావ వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

సౌండాయన వచ్చి ముందు సబ్‌వూఫర్‌ను సోఫా మీద కూర్చోబెట్టాడు. తర్వాత అదే పనిగా మోగిస్తూ, మోకాళ్ళ మీద హాలంతా పాకడం మొదలెట్టాడు. మనిషి కూర్చునే చోట పెట్టె పెట్టి, పెట్టె పెట్టే చోటు కోసం మనిషి పాకాలి. మోత ఎక్కడ ఎగుడుదిగుడు లేకుండా వినిపిస్తే అదే పెట్టెకు సరైన చోటు.

"ఏమోయ్, పోయిన ఉంగరం వెతుకుతున్నావా?" అని బావ నవ్వాడు. కొడుకు తన వైపే పాకి వస్తుంటే అమ్మ పకపకా నవ్వి, "వీడికి నడక రాకముందూ ఇంతే," అంది.

సోఫా పక్కన గోడ దగ్గర చోటు దొరికింది. పెట్టెను అక్కడికి మార్చి, సోఫాలో తల ఉండే ఎత్తున మోత కొలిచే మైకు నిలబెట్టాడు. పరీక్ష మోత పెడితే సబ్‌వూఫర్ లోతుగా మొదలెట్టి పై స్థాయి దాకా ఊళ పెట్టింది. ఏ స్థాయి మోత ఎంత గట్టిగా ఉందో చూపిస్తూ ల్యాప్‌టాప్ మీద గీత పడింది. ఎక్కువ భాగం చదునుగానే ఉంది, ఒక్కచోట మాత్రం గుట్టలా లేచింది. గిన్నెల్ని ఊపేదీ, కింద నర్సును లేపేదీ ఆ గుట్టే. ల్యాప్‌టాప్‌లోనే ఆ ఒక్క స్థాయిని తగ్గించి దాన్ని కోసేస్తే పని అయిపోయినట్టే.

కోసే ముందు ఎందుకో మైకును అమ్మ కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి కొలిచాడు. కొలవకుండా ఉంటే బాగుండేది. గోడలు కలిసే ఆ మూలలో గుట్ట ఇంకా ఎత్తుగా లేచింది. అమ్మకు లారీ అయినా, ఉరుము అయినా, అంతా అదే. ఇన్నాళ్ళకు ఆవిడకు దొరికిన లోకం ఆ ఒక్క గుట్ట మీదే ఉంది.

"బావా, రోజుకో గంట పాతలాగే ఉంచితే?" అన్నాడు.

"ఏ గంటో నువ్వే చెప్పు. పగలు ఆవిడ నిద్ర, రాత్రి బిడ్డ నిద్ర. ఇల్లు పోతే మీ అమ్మను కూర్చోబెట్టడానికి ఈ మూల కూడా ఉండదయ్యా," అన్నాడు బావ. కోపంగా కూడా అనలేదు. కోపంగా అనుంటే దెబ్బలాడటానికైనా వీలుండేది.

అమ్మ ఒక్కదానికే తెలిసేలా చిన్న స్పీకరొకటి కుర్చీ కింద కట్టి చూశాడు. "చీమలు పాకినట్టుంది, తియ్యరా!" అని అమ్మ విసుక్కుంది. ఇక చేసేదేమీ లేక గుట్టను కోశాడు. మళ్ళీ కొలిస్తే గీత తిన్నగా వచ్చింది. అంత చక్కటి గీత వేరే ఇంట్లో వచ్చుంటే ఫోటో తీసి దాచుకునేవాడు. బావ సినిమా పెట్టి, "అబ్బ, మాటలు ఎంత స్పష్టంగా ఉన్నాయోయ్!" అన్నాడు. గిన్నెలు కిక్కురుమనలేదు.

అమ్మ చెప్పులు విప్పి పాదాలు ఆనించింది. కాసేపు చూసింది. పాదాలు కొంచెం జరిపి మళ్ళీ ఆనించింది. తెర మీద ఉరిమింది. అమ్మ కదల్లేదు. ఆవిడ మొహం చిన్నబోతుంటే అతను మరోవైపు చూశాడు.

"ఒరేయ్, అది చెడిపోయినట్టుంది," అంది అమ్మ. "ఊరందరివీ బాగుచేస్తావు కదా, దీన్ని కూడా చూడు నాన్నా."

చెడగొట్టింది తనేనని ఏ సైగతో చెప్పాలి? అతను తలూపి, పెట్టె ప్లగ్గు పీకి ఒక చేత పట్టుకుని, రెండో చేత స్క్రూ డ్రైవర్ తీసుకుని పెట్టె వెనక చేరాడు. బిగుసుకునే ఉన్న స్క్రూల్ని ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. కళ్ళు మసకబారాయి. అమ్మ అక్కడినుంచే కొడుకును చూస్తోంది. అతను ముంజేత్తో మొహం తుడుచుకోవడం కూడా చూసింది.

"ఆఁ, వస్తోందిరా," అంది ఉన్నట్టుండి. పాదాలు నేలకు గట్టిగా ఆనించి, "బాగా వస్తోంది. ఇక లే, మోకాళ్ళు నొప్పెడతాయి," అంది.

ప్లగ్గు ఇంకా అతని చేతిలోనే ఉంది.