మామగారి చేపల తొట్టె

పెళ్ళై కాశీబుగ్గలో కాపురానికి వచ్చిన కొత్తలో, మా అత్తవారింట్లో అందరికంటే ముందు నాకు చనువైనవి మూడు బంగారు చేపలు. మనుషులు నాతో మాట్లాడ్డానికి ఇంకా మొహమాటపడుతున్నారు, నేనూ బిగుసుకుపోయి ఉన్నాను. చేపలకి ఆ గొడవ లేదు. ముందు గదిలో టీవీ పక్కన ఉండేది వాటి గాజు తొట్టె. మామగారు దాన్ని విశాఖపట్నంలో కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని మా ఊరికి ఆనుకునున్న పలాస స్టేషను దాకా తెచ్చుకున్నారట. రెండు చేపలు నారింజ రంగువి, ఒకటి తోక నల్లనిది. అడుగున గులకరాళ్ళు, ఓ ప్లాస్టిక్ మొక్క, మూలన బుడగలు వదిలే చిన్న మోటారు. ఎస్టీడీ బూతుల ముందు జనం వరసకట్టే రోజులవి. మా వీధిలో అలాంటి తొట్టె ఇంకెవరింట్లోనూ లేదు.

మామగారికి జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే చిన్న బట్టీ ఉండేది. పిక్కలు అమ్మేవాళ్ళూ, పప్పు కొనేవాళ్ళూ రోజుకి పదిమందైనా ఆ ముందు గదిలో కూర్చునేవారు. వచ్చినవాళ్ళకి టీకి ముందు పళ్ళెంలో జీడిపప్పు పెట్టడం ఆ ఇంటి మర్యాద. నేతిలో వేయించి, ఉప్పూ కారం చల్లిన పప్పు. అమ్మకానికి పనికిరాని విరిగిన బద్దలే అనుకోండి, అయినా మర్యాద మర్యాదే. నేను పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, తల వంచుకుని లోపలికి పోయేదాన్ని.

మా కన్నవారిది బారువ దగ్గర ఉద్దానం పల్లె. కొబ్బరి, జీడి, కాస్త వరి. నన్ను చూడాలనిపిస్తే చాలు, అమ్మ బస్సెక్కి వచ్చేసేది. చేతిలో ఒక మూట ఉండేది. బారువ ఒడ్డుకి పడవలు రాగానే వేలెడంత నెత్తళ్ళ చేపలు కొని, ఉప్పు కలిపి, తనే ఇసకలో గుడ్డ పరిచి ఎండబెట్టి, పాత చీరముక్కలో కట్టి తెచ్చేది. నెత్తళ్ళు వేసి వంకాయ వండితే నేను రెండు కంచాల అన్నం తింటానని అమ్మ నమ్మకం. నమ్మకం ఏమిటి, నిజమే.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ముందు గదిలో వాసన మొదలైంది. నీచు అనలేం, కుళ్ళు అనలేం, రెండింటికీ మధ్యలో ఏదో. తలుపులు వేసిన రోజు ఆ గదిలో కూర్చోలేకపోయేవాళ్ళం. అత్తగారు ముక్కు ఎగబీలుస్తూ గదంతా తిరిగి, చివరికి నా ముందు ఆగారు. "పిల్లా, మీయమ్మ తెచ్చిన మూట ఎక్కడెట్టావు?" అన్నారు. ఆ రోజు నుంచి ఆ వాసన మా అమ్మది అయిపోయింది.

ఆవిడేం చేపలు తినని మనిషి కాదు. పండుగప్ప పులుసు పెడితే గిన్నె ఊడ్చి మరీ తినేవారు. ఎండుచేపలంటే మాత్రం పల్లెటూరి తిండి అని చులకన. నేను మూటని వంటింట్లోంచి వెనక వసారాలోకి మార్చాను. వాసన పోలేదు. వసారాలోంచి నూతి పక్క కట్టెల కొట్టులోకి మార్చాను. ఊహూఁ. పెరట్లో ఉన్న మూట వాసన వీధి గదిలోకి ఎలా వస్తుందని ఒక్కరైనా ఆలోచించాలా వద్దా? ఎవరూ ఆలోచించలేదు, నాతో సహా. సాయంత్రం అయ్యేసరికి అత్తగారు సాంబ్రాణి వేసేవారు. ఆ పొగా ఈ వాసనా కలిసి గది మరీ ఘోరంగా తయారయ్యేది. మీ ఊరి సముద్రం నీ వెనకే వచ్చేసిందని మా ఆయన వేళాకోళం. ఒళ్ళు మండిపోయేది గాని, కొత్త కోడల్ని, ఏమంటాను?

తొట్టెని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? మామగారు ప్రతి గురువారం దాన్ని మెరిసేలా తోమేవారు. శుక్రవారం పూజ కోసం ముందురోజే ఇల్లు కడిగి, ఇత్తడి సామాను చింతపండుతో తోముకునే ఇల్లు మాది. ఆ తోముడులోనే తొట్టె కూడా. గాజుకి పట్టిన పాకుడంతా కొబ్బరి పీచుతో రుద్ది, పైన నాలుగు చెంబుల నీళ్ళు తీసి కొత్తవి పోసేవారు. చేపలు బెదురుతాయని అడుగున రాళ్ళని మాత్రం ముట్టుకునేవారు కాదు. పైగా ముప్పై ఏళ్ళు జీడి కాల్చిన పొగలో బతికిన మనిషి. ఆయన ముక్కుకి మల్లెపూలకీ మాడిన పాలకీ తేడా తెలిసేది కాదు. తొట్టె శుభ్రంగా ఉందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేవారు, ఆయన్ని చూసి మేమూ నమ్మాం.

దసరాకి ముందు ఒకరోజు ఎవరో పెద్ద వ్యాపారులు వస్తున్నారని ఇంట్లో ఒకటే హడావిడి. సరిగ్గా ఆ రోజే అమ్మ దిగింది, మూటతో. అత్తగారు మొహం ముడుచుకున్నారు. నేనే అమ్మని పెరటి దారిన నూతి దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఇంకెప్పుడూ ఇవి తేకమ్మా. ఇల్లంతా కంపొత్తందంతన్నారు. నాకు తల కొట్టేసినట్టుంది," అన్నాను.

అమ్మ నన్ను చూసింది, ముందు గది వైపు ఒకసారి చూసింది. సరేనంది. మూట చంకన పెట్టుకుని, టీ కూడా తాగకుండా బస్టాండుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడుసార్లు వచ్చింది, అరటిపళ్ళతో. తెలియనివాళ్ళింటికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుని గంటలో లేచేది. మూట రావడం మానేసింది గాని వాసన మానలేదు. గోడలకి పట్టేసిందని అత్తగారు తేల్చేశారు.

సంక్రాంతి వెళ్ళాక నల్లతోక చేప నీళ్ళపైకి వచ్చి నోరు తెరుస్తూ గాలి మింగడం మొదలెట్టింది. మామగారికి అన్నం సయించలేదు. ఇంటర్ చదివినదాన్నని నన్ను వెంటబెట్టుకుని బూతుకి వెళ్ళి, తొట్టె అమ్మిన విశాఖపట్నం కొట్టుకి ఫోన్ చేయించారు. నేను చెప్పిందంతా విని అతను ఒకటే అడిగాడు, రాళ్ళ అడుగు ఎప్పుడు కడిగారని. మామగారిని అడిగితే, ఎప్పుడూ లేదన్నారు. అతను ఓపిగ్గా చెప్పాడు. నీళ్ళన్నీ ఒక్కసారే మార్చకూడదు, మూడోవంతు చాలు. కుళాయి నీళ్ళు ఒకరోజు బకెట్లో నిలవుంచితే బ్లీచింగ్ ఘాటు పోతుంది, అప్పుడు పోయాలి. పైపు పెట్టి రాళ్ళ సందుల్లోని మడ్డి లాగాలి. మోటారులో స్పాంజిని తీసిన నీళ్ళలోనే పిండాలి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి.

డీజిల్ ఇంజను ట్యాంకులోంచి నాన్న పైపుని నోటితో పీల్చి నూనె దింపడం చిన్నప్పటినుంచీ చూసినదాన్ని. ఇంటికి రాగానే కొంగు దోపి, పైపు ఒక కొస రాళ్ళలోకి దించి, రెండో కొస నోట్లో పెట్టి పీల్చాను. నీళ్ళు నోట్లోకే వచ్చాయి. ఆ రుచి సంగతి అడక్కండి, మూడు రోజులు అన్నం సయిస్తే ఒట్టు. బకెట్లోకి బూడిదరంగు ముద్దలు పడ్డాయి. పుల్లతో కెలికితే, ముద్దల్లో ఇంకా ఆకారం పోని జీడిబద్దలు. దోసెడు ఉంటాయి.

అప్పుడర్థమైంది. కూర్చున్న ప్రతి మనిషీ తాను నాలుగు బద్దలు నోట్లో వేసుకుని, పాపం వాటికీ అని ఒక నూక తొట్టెలో వేసేవాడు. మామగారూ వేసేవారు. టీవీ చూస్తూ అత్తగారూ వేసేవారు. జీడిపప్పు ఇంట్లో చేపలకి జీడిపప్పు లోటేమిటి? ఆ మూగజీవాలు కారం ముక్కని నోట్లో పెట్టుకుని ఉమ్మేసేవి. అవన్నీ రాళ్ళ సందుల్లో చేరి, నెయ్యీ తామూ కుళ్ళాయి.

అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బకెట్ పక్కన నిలబడ్డారు. ఆర్నెల్లు మింగిన కోపం నాకు ఆ క్షణాన ఆగలేదు. "ఇది మాయమ్మ మూటలోది కాదత్తా," అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

పది రోజుల్లో వాసన పోయింది, చేప కోలుకుంది. తర్వాత ఆ తొట్టె పని నాదీ మామగారిదీ. ఆయన బకెట్ పట్టుకునేవారు, నేను పైపు పట్టుకునేదాన్ని. తీసిన నీళ్ళు పెరట్లో అరటిమొక్కకి. ఆయన ఆ కబురూ ఈ కబురూ చెప్పేవారు. నాతో అంత మాట్లాడతారని పెళ్ళైన కొత్తలో ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. అత్తగారైతే పళ్ళెం పెట్టినంతసేపూ గుమ్మంలో కాపలా. తొట్టె వైపు చెయ్యి లేస్తే పెద్ద వ్యాపారైనా సరే, మందలింపు తప్పేది కాదు. ఇప్పుడు అత్తగారూ మామగారూ ఇద్దరూ లేరు. గురువారం వస్తే నాకు ఇప్పటికీ ఆ ముందు గదే గుర్తొస్తుంది.

ఆ రాళ్ళు కడిగి నెల తిరక్కుండానే ఒక పొద్దున అత్తగారు పట్టుచీర కట్టుకుని, బారువ బస్సెక్కుదాం పదమన్నారు. ఎందుకని నేను అడగలేదు. మా కన్నవారింటి అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళైనా ముట్టకుండా మొదలెట్టారు.

"వొదినా, ఆ వాసన నీ మూటది కాదు. మా తొట్టిది. తప్పు మాదే."

అమ్మ నవ్వింది. "నాకు తెలుసు వొదినగోరూ. పుట్టినకాణ్ణుంచి ఎండుసేపల్లో బతికినదాన్ని. ఏది ఏ వాసనో తెల్దేటి?"

"మరి సెప్పలేదేటి?"

"పిల్లనిచ్చిన ఇల్లు. మీ ఇంట్లో కంపొత్తందని నానెలగ సెప్తాను?"

అత్తగారు చీరకొంగుతో మొహం తుడుచుకున్నారు. నా కాపురం చల్లగా ఉండాలని అమ్మ ఆ కంపుని నోరెత్తకుండా తన మీద వేసుకుంది. వాళ్ళంటే పరాయివాళ్ళు, నమ్మారు. కన్న కూతుర్ని, నేనూ నమ్మాను.